వారం, రెండు, నాలుగు, మళ్ళీ వారం

మార్గదర్శకాల కాగితాన్ని పనితనం కోసం చదివేవాళ్ళు అరుదు. డిగ్రీ పిల్లల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి రాసిపెట్టిన పద్ధతిని మాత్రం అలా చదవాలనిపిస్తుంది. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో డిగ్రీ చేస్తూ, ముందుకు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదవాలనుకునేవాళ్ళు దీన్ని మరీ శ్రద్ధగా చూడాలి.

సోషల్ వర్క్ చదవాలంటే అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చేరిన మొదటి రోజు నుంచే లెక్కలు మొదలవుతాయి. సోషియాలజీ, సైకాలజీ, స్టాటిస్టిక్స్‌లలో ఏ క్రెడిట్ రేపు యూనివర్సిటీలో చెల్లుతుంది, ఏది చెల్లదు అని. మనకు ఆ బెడద లేదు. ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ అయినా చాలు. అదే చిక్కు కూడా. ఏం చదివినా సరిపోతుందంటే, ఏం చదవాలో చెప్పేవాళ్ళు ఉండరు.

2020-21లో వచ్చిన డిగ్రీ ప్రణాళికలో రెండో సెమిస్టర్ స్కిల్ కోర్సుల మధ్య ‘సోషల్ వర్క్ మెథడ్స్’, ‘సర్వే అండ్ రిపోర్టింగ్’ రెండూ ఉండేవి. ఆ సెమిస్టర్ అయిపోగానే వచ్చే ఎండాకాలం సెలవుల్లోనే ప్రాజెక్టు. నేర్చుకున్న విద్య ఆరిపోకముందే ఊళ్ళోకి పంపే ఈ వరస నాకు బాగా నచ్చింది. రెండు కోర్సుల్లో ఒక్కదానికే చోటుంటే చాలామంది మొదటిదే తీసుకునేవాళ్ళు, పేరులోనే సోషల్ వర్క్ ఉంది కాబట్టి. నా ఓటు రెండోదానికి. మెథడ్స్ ఎటూ ఎంఎస్‌డబ్ల్యూలో రెండేళ్ళు నేర్పుతారు. గడప దగ్గర నిలబడి ఒక ప్రశ్నను సూటిగా అడగడం, విన్నది విన్నట్టు రాసుకోవడం మాత్రం ఆ ఎండాకాలానికే కావాలి.

ఇక ప్రాజెక్టు కట్టుబడి చూడండి. మొత్తం 180 గంటలు, ఎనిమిది వారాలు. మొదటి వారం కేటాయించిన ఊళ్ళోనో వార్డులోనో సర్వే. తర్వాతి రెండు వారాలు, ఆ సర్వేలో తేలినదాన్ని బట్టి అవగాహన కార్యక్రమాలు. నాలుగు వారాలు ప్రభుత్వ శాఖలతో కలిసి అసలు పని. చివరి వారం నివేదిక. అడగకముందే బోధించడానికి ఇందులో సందు లేదు. సేవ పేరుతో మైకు పట్టుకుని ఊరి మీద పడేవాళ్ళను మొదటి వారమే నోరు మూసుకుని వినమంటుంది. రోజువారీ పని లాగ్‌బుక్కులో రాయాలి, దాని మీద మెంటర్ సంతకం పడాలి. ఎన్ఎస్ఎస్ పనినే ఇందులో చూపించి సరిపెట్టకూడదు. అన్నిటికన్నా మంచి పనితనం చివర్లో ఉంది. నివేదికలో ఒక ప్రతి కాలేజీకి, ఇంకొకటి స్థానిక ప్రభుత్వానికి. రాసింది ఆ ఊరివాళ్ళే చదువుతారంటే పెన్ను కాస్త జాగ్రత్తగా కదులుతుంది.

ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. ఆదోని దగ్గరి కోసిగి, కౌతాళం వైపు పంట చేతికి రాని ఏడాది కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి వలస పోతాయి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. ఎండలు ముదిరేసరికి చాలామంది తిరిగొస్తారు. సెలవుల్లో వెళ్ళిన విద్యార్థికి ఇళ్ళ నిండా మనుషులు కనిపిస్తారు, తాళాలు కనిపించవు. అందుకే ఇక్కడి సర్వే ఫారంలో ‘పోయినేడు ఎన్ని నెలలు ఊళ్ళో లేరు? పిల్లలను ఎవరి దగ్గర వదిలిపోయినారు?’ అన్న రెండు ప్రశ్నలు ఉండి తీరాలి. హొళగుంద, హాలహర్వి వైపు కన్నడ, ఆదోని పేటలో ఉర్దూ వచ్చినవాళ్ళు జట్టులో ఉండాలి.

ఎమ్మిగనూరులో బీకాం చదివేవాళ్ళు తమది సంబంధంలేని డిగ్రీ అనుకోనక్కర్లేదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన ఊరది. నూలు ఎవరిస్తున్నారు, కూలి ఎప్పుడు చేతికొస్తోంది, అప్పు ఎవరి దగ్గర ఉంది అన్నవి నేతగాళ్ళ వీధిలో అడగాల్సిన ప్రశ్నలు. వాటి జవాబులు పద్దు పుస్తకం చదవగలిగినవాడికే సగం అర్థమవుతాయి. సోషియాలజీ విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుంటే మిగతా సగం.

పీజీ ప్రవేశ పరీక్షలో లాగ్‌బుక్కు ఎవరూ అడగరు. ఎంఎస్‌డబ్ల్యూలో చేరాక మాత్రం పాఠాలతోపాటే ఫీల్డ్‌వర్క్, దాని నివేదికలు మొదలవుతాయి. అప్పటికి ఒక ఊరిని ఎనిమిది వారాలు చూసిన అలవాటు చేతిలో ఉంటే, కొత్త ఊళ్ళో మొదటి వారం ఏం చేయాలో ఎవరినీ అడగనక్కర్లేదు.