నమ్మికయు సంశయమును: గజేంద్రుని యొక ప్రశ్న

పోతన గజేంద్రమోక్షణ కథను బోధించునప్పుడు మనము సాధారణముగా ఒకచోట తడబడుదుము. మకరిచే చిక్కి బలముడిగిన గజేంద్రుడు భగవంతుని శరణు వేడుచు, నడుమ ఆ భగవంతుడు కలడో లేడో యని సంశయించును. సంస్కృత భాగవతము అష్టమస్కంధ తృతీయాధ్యాయమందలి స్తోత్రములో ఈ సంశయము లేదు. అందు గజేంద్రుడు పూర్వజన్మమున నేర్చిన జపమును స్మరించి, ఉపనిషద్వాక్యములవంటి మాటలతో పరతత్త్వమును నుతించును. సంశయము పోతన చేర్చినది.

దీనిని ఆర్తిచే కలిగిన క్షణికదౌర్బల్యమనియో, నిందాస్తుతివంటి చమత్కారమనియో సమాధానపడవచ్చును. రెండును నాకు తృప్తి నీయలేదు. దౌర్బల్యమే యైనచో అటుపిమ్మట స్వరము సన్నగిల్లవలెను. వెనువెంటనున్న పద్యమో, అంతయు ప్రశ్నలే. మొర మరింత బిగ్గరయగుచున్నది. ఈ చిక్కు విడుటకు తెలుగు వ్యాకరణమే తోడ్పడును. 'నమ్ము' ధాతువునకు మన భాషలో రెండు ప్రయోగములు కలవు. 'అతడు కలడని నమ్మితిని' అనుట ఒకటి. 'అతనిని నమ్మితిని' అనుట వేరొకటి. మొదటిది విషయనిర్ణయము. రెండవది ఒకరిమీద భారము వేయుట. అప్పిచ్చినవాడు, పడవ యెక్కినవాడు, పిల్లనిచ్చినవాడు చేయునది ఈ రెండవ పని. గజేంద్రుని సంశయము మొదటిదానికే తగిలినది, రెండవది చెక్కుచెదరలేదు. లేడేమోయని తోచినవానినే పిలుచుచున్నాడు కదా!

హిరణ్యకశిపుని స్థితి దీనికి తలక్రిందులు. వామనుడు బలికి చెప్పిన వృత్తాంతములో, సోదరుని చంపిన విష్ణువునకై అతడు లోకములన్నియు గాలించును. విష్ణువు సూక్ష్మరూపమున వాని ఊపిరివెంట లోనికి జొచ్చి దాగును. ఎచటను కానక, శత్రువు గతించెనని దైత్యుడు నిశ్చయించుకొనును. 'విశ్వాస' శబ్దము శ్వాసార్థక ధాతువునుండియే పుట్టినదని ఇచట స్ఫురించుట నా పాండిత్యచాపల్యము కావచ్చును. ఏమైనను, హరి యనువాడొకడు ఉండెననుటలో దైత్యునకు సంశయమే లేదు. లేనివానిపై పగ యుండదు. వానికి లేనిది నమ్మిక.

నాస్తికశబ్దమును గూడ సరిచూచుకొనవలసియున్నది. పాణిని (4.4.60) ఆస్తిక, నాస్తిక పదములను సాధించినచోట ఈశ్వరప్రసక్తి లేదు, వ్యాఖ్యాతలు పరలోకమును అధ్యాహరించిరి. మనువు వేదనిందకుని నాస్తికుడనెను. ఈశ్వరుని అంగీకరింపని సాంఖ్యులును మీమాంసకులును ఆస్తికుల పంక్తిలోనే కూర్చుండిరి.

కావున నిరీశ్వరవాదిని విశ్వాసహీనుడని వ్రాయుట పరిశోధకునకు తగదు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించిన గోపరాజు రామచంద్రరావు (గోరా) గాంధీతో జరిపిన సంభాషణలు 1951లో ఆంగ్లమున గ్రంథముగా వెలువడినవి. అందు మనకు కనబడువాడు దేనిని నమ్మనివాడు కాడు. మనుష్యుడు తన భారమును తానే మోయగలడని నమ్మి, ఆ నమ్మికతోనే అస్పృశ్యతానిర్మూలనమునకై కుటుంబముతో సహా శ్రమించినవాడు. ఇట్లని గజేంద్రునకును గోరాకును భేదము లేదనరాదు. గజేంద్రుడు తన బలమంతయు ఉడిగిన పిమ్మట పిలిచెను. గోరా అట్టి పిలుపునందే మనుష్యుని దాస్యబుద్ధికి మూలమును చూచెను.