మగ్గమున్న ఇంటి నంబరు

గద్వాలలో చీరలు నేసే ఇళ్లలో పనికి, కాపురానికి మధ్య గోడ ఉండదు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపేది ముందరి గదిలోనే. పిల్లల చదువు, చుట్టాల మాటలు కూడా ఆ గదిలోనే. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన చీర ఎక్కడ పుడుతుందని అడిగితే, ఒక కుటుంబం రాత్రి నిద్రపోయే చోటు చూపించాలి.

ఇది నాకు తెలియక కాదు, ఆ వేళకు తట్టలేదు. 2016లో ఒక నేత కుటుంబం అమ్మాయికి వెబ్‌సైటు పేరు నేనే రిజిస్టర్ చేసిచ్చాను. ఫారం అడిగిన చోటల్లా ఆమె పేరు, ఇంటి నంబరు, సెల్ నంబరు నింపాను. మూడు రోజులకు ఫోన్ చేసింది.

"అన్నా, పొద్దుగూకులు ఫోన్లే. సైటు చేస్తం, లోగో చేస్తం అంటున్రు. ఒకాయన మా ఇంటి నంబరు గూడ చెప్పిండు. అమ్మ భయపడుతుంది."

ఎవరూ దొంగిలించలేదు. హూఈజ్ అనే బహిరంగ జాబితాలో అప్పట్లో వెబ్‌సైటు పేరు కొడితే చాలావరకు యజమాని వివరాలన్నీ వచ్చేవి. కొత్త పేర్లను ఏ రోజుకారోజు ఏరుకుని ఫోన్లు చేయడమే కొందరికి వ్యాపారం. 2018 మే 25న ఐరోపా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. దానికి వారం ముందు, వెబ్‌సైటు పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ నిబంధనలు మార్చడంతో డాట్ కామ్ లాంటి పేర్ల వెనకున్న మనుషుల వివరాలు చాలావరకు తెరమరుగయ్యాయి. అంతకు ముందే ఎవరెవరో నకలు తీసి దాచుకున్నవి చెరగలేదు. ఆ అమ్మాయి సెల్ నంబరు మార్చుకుంది. మగ్గమున్న ఇల్లు ఎట్లా మారుస్తుంది? ఆ బాధ నాకింకా పోలేదు.

ఇప్పుడు వెబ్‌సైటు పేరు కోసం వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి మాట్లాడతాను. వ్యాపారానికి వేరే సిమ్ము, వేరే ఈమెయిలు తీసుకోమంటాను. డాట్ కామ్ అయితే రిజిస్ట్రార్, అంటే పేరు అమ్మే సంస్థ, ఇచ్చే ప్రైవసీ సేవ ఆన్‌లో ఉందా అని చూస్తాను. డాట్ ఇన్ సంగతి వేరు. మన వివరాల బదులు వేరొకరివి పెట్టే సేవను డాట్ ఇన్ పేర్లను నడిపే నిక్సీ సంస్థ ఒప్పుకోదు. వ్యక్తిగత వివరాలను తనే కప్పుతుంది గాని, సంస్థ పేరు, రాష్ట్రం బయటికి కనిపిస్తాయి. దుకాణానికి ఇంకా పేరు పెట్టనివాళ్లు ఆ గడిలో సొంత పేరే రాసేస్తారు. అక్కడ ఆపుతాను.

దొంగ చిరునామా ఇద్దామంటారు కొందరు. అది మాత్రం చేయను. తప్పని తేలితే పేరే రద్దు కావచ్చు, ఏళ్లుగా సంపాదించుకున్న గిరాకీ దాంతోనే పోతుంది. రిజిస్ట్రార్ దగ్గర అసలు వివరాలే ఉండాలి.

నిరుడు ఆ అమ్మాయి చెల్లెలు తన చీరలకు వేరే పేరు కొనుక్కుంటూ ఫోన్ చేసింది. "అన్నా, సంస్థ అన్నకాడ ఏం రాయాలె?"

ముందు దుకాణానికి ఒక పేరు పెట్టుకొమ్మన్నాను. అక్కా, అమ్మా, ఆమె కలిసి రెండు రోజులు ఆలోచించి పెట్టుకున్నారు.