వెలుగు పాఠంలో చీకటి చేసిన తప్పేమిటి?

కొన్నేళ్ల కిందట మా గూడెం బడిలో చిన్నపిల్లలకు "వెలుగు – చీకటి" అనే అంశం చెప్పాల్సి వచ్చింది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఇరవై ఇద్దరు. శిక్షణలో చెప్పినట్టే తయారయ్యాను. కిటికీలకు గోనెపట్టాలు కట్టాను, తలుపు వేశాను, టార్చిలైటు తీశాను. గది చీకటి అయ్యాక "ఇప్పుడు మనకు ఏమైనా కనిపిస్తోందా? భయమేస్తోందా?" అని అడిగాను. అడగాల్సిన ప్రశ్నలు అవే అని కాగితంలో రాసి ఉంది.

ఒక పిల్లాడు లేచి, "టీచరమ్మా, చీకటి కావాలంటే పొద్దుగూకేదాకా ఆగితే సరిపోద్ది గదా, తలుపెందుకు మూశావు?" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వి, వాణ్ణి కూర్చోబెట్టి, పాఠం ముందుకు నడిపాను. ఆ రోజు నేను బాగా చెప్పాననే అనుకున్నాను. నా చేతిలో వెలుగుంది, పిల్లలు చప్పుడు చేయకుండా చూశారు. ఇంకేం కావాలి?

చాలా కాలం తర్వాత తెలిసింది, ఆ గదిలో సరైన మాట అన్నది వాడొక్కడేనని. ఈ వ్యాసం వాడి ప్రశ్నకు నేను ఆలస్యంగా చెబుతున్న జవాబు. మన ప్రాంతాల్లో అంగన్‌వాడీలు, పూర్వ ప్రాథమిక తరగతులు నడిపే అక్కలు, అన్నలు, రేపు ఆ పని చేయబోయే మన యువతీ యువకులు దీన్ని విమర్శగానే చదవాలని కోరుతున్నాను. ఈ విమర్శలో మొదటి ముద్దాయిని నేనే.

ముందు ఆ పాఠం ఎలా ఉంటుందో చూద్దాం. గోడకు ఒక చార్టు. అందులో సూర్యుడు, చందమామ, బల్బు, ట్యూబులైటు, కొవ్వొత్తి, టార్చి. పక్కనే చీకటి బొమ్మ. అందులో దుప్పటి కప్పుకుని వణికే పిల్లవాడు. చివర్లో ఒక నీతి: వెలుగు మంచిది, చీకటి భయం. కృత్యం పేరుతో టీచరు టార్చి వేస్తుంది, పిల్లలు చూస్తారు. "చేసి నేర్చుకోవడం" అని రిజిస్టర్లో రాస్తాం. చేసింది టీచరు, చూసింది పిల్లలు. ఇరవై ఇద్దరికి ఒక్క టార్చి ఉంటే, వరసలో చివర ఉన్నవాడి వంతు వచ్చేసరికి గంట అయిపోతుంది. నా తరగతిలో ఆ రోజు టార్చి ముట్టుకున్నది నలుగురు. ఆ నలుగురూ ముందు వరుసలో కూర్చునే పిల్లలే.

ఇది మొదటి లోపం. రెండోది ఇంకా లోతైనది. ఆ పాఠం చీకటిని తప్పుపడుతుంది. మన పిల్లవాడికి చీకటి గదిలో తయారుచేసిన వస్తువు కాదు. వాడు దానిలో తిరిగినవాడు. ఎండాకాలం తెల్లవారుజామున, ఇంకా మసకగా ఉండగానే, తల్లితో ఇప్పపూలకు వెళ్లినవాడు. ఇప్పచెట్టు పువ్వులు రాత్రిపూట విచ్చుకుంటాయి, గబ్బిలాలు వాటి కోసం వస్తాయి, తెల్లారేసరికి పువ్వులు రాలి చెట్టు కింద పరుచుకుంటాయి. రాత్రి లేకపోతే మన ఇంటికి ఇప్పపూలు లేవు. చీకటి అంత పని చేసి పెడుతుంటే, బడిలో మాత్రం దాన్ని దయ్యంలా చూపిస్తాం. పిల్లవాడు ఇంట్లో చూసింది ఒకటి, బడిలో విన్నది ఒకటి. ఆ వయసులో వాడు బడినే నమ్ముతాడు, ఇంటిని తక్కువ చేసుకుంటాడు. అక్కడే నష్టం మొదలవుతుంది.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న మనవాళ్ల పిల్లలు కూడా మన బడులకు వస్తారు. వాళ్లలో కొందరి ఇళ్లకు ఈనాటికీ కరెంటు లేదు. చార్టులో బల్బు చూపించి "మీ ఇంట్లో ఇది ఉందా?" అని అడిగితే ఆ పిల్ల తల వంచుకుంటుంది. వెలుగు గురించిన మొదటి పాఠంలోనే ఆమెకు లేనిదేదో తెలిసింది. ఉన్నదేదో ఎవరూ అడగలేదు.

మూడో లోపం భాషది. దీని గురించి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. ఒకసారి స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి ఎండలో పెట్టాం. నీళ్లు కదిలినప్పుడల్లా గోడమీద వెలుగు ఆడుతుంది. అది చూసి ఒక పాప గంతులేస్తూ "ఏరు! ఏరు!" అంది. మన కోయలో ఏరు అంటే నీళ్లు. నేను వెంటనే "ఏరు కాదమ్మా, నీళ్లు అనాలి. ఏరంటే వాగు" అన్నాను. పాప గంతులు ఆపేసింది. ఆ వారమంతా తరగతిలో మళ్లీ నోరు విప్పలేదు. నేనూ కోయదాన్నే. ఆ మాట మా అమ్మ నోట విని పెరిగినదాన్నే. పరాయి టీచరు దిద్దితే తెలియక చేసిందనుకోవచ్చు. నేను తెలిసి దిద్దాను. గోడమీద ఆడుతున్న వెలుగును ఆ పాప తన మాటతో పట్టుకుంటే, నేను ఆ మాటను లాక్కున్నాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో ప్రాథమిక తరగతులకు పుస్తకాలు తయారయ్యాయి. ఆ పనిలో మన టీచర్ల చెమట ఉంది. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కూడా చిన్నపిల్లలకు ఇంటి భాషలోనే మొదలుపెట్టమంటుంది. కాగితం మీద లోటు లేదు. పళ్లెం ముందు గంతులేసే పాపకు ఆ కాగితం చేరడమే మిగిలింది. చేర్చాల్సినది మనం.

ఇదంతా కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కూడా కాదు. భావ్‌నగర్‌లో 1920లో గిజుభాయి బధేకా బాలమందిరం పెట్టారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డికి వచ్చారు, తర్వాత కోస్‌బాడ్‌లో అనుతాయి వాఘ్‌తో కలిసి వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాడకు తీసుకువెళ్లారు. గుడిసెల ముందరి వాకిట్లో పిల్లలను కూర్చోబెట్టారు. ఖరీదైన మాంటిస్సోరి సామాను బదులు గింజలు, గులకరాళ్లు, ఆకులు, పువ్వులు వాడారు. పశువులు కాసే పిల్లల కోసం పచ్చికబయల్లోనే బడి నడిపారు. అంగన్ అంటే వాకిలి. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో అంగన్‌వాడీ అనే మాట దేశమంతా వ్యాపించింది. ఆదివాసీ వాకిట్లో పెరిగిన మాట అది. నేనేమో అదే ఈడు పిల్లలను గదిలో పెట్టి, కిటికీలకు గోనెపట్టాలు కట్టి, వెలుగు అంటే ఏమిటో చెప్పాను.

జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం తెలుగులో "రైలుబడి"గా చాలామంది టీచర్లు చదివారు. అందులో పిల్లల ధైర్యపరీక్ష ఒకటి ఉంది. కొందరు పిల్లలు దయ్యాలుగా గుడి ఆవరణలో చీకట్లో దాక్కుంటారు, మిగతావాళ్లు వాళ్ల దాకా నడిచి రావాలి. వచ్చేవాళ్లు భయపడి వెనక్కి పోతే, దయ్యాలు దోమలు కుట్టించుకుంటూ ఎదురుచూసి ఏడుపు ముఖాలు పెడతాయి. అక్కడ పెద్దలు చీకటి మీద ఉపన్యాసం చెప్పలేదు. పిల్లలనే చీకటిలోకి పంపారు. ఆ పిల్లలు భయాన్ని చూశారు, నవ్వుకున్నారు. ఈ సంఘటన మన టీచర్లకు నచ్చుతుంది, సమావేశాల్లో చెప్పుకుంటాం కూడా. మన పిల్లలు రోజూ నడిచే చీకటి మాత్రం మనకు పాఠంగా కనిపించదు.

సరే, విమర్శించి ఊరుకుంటే సరిపోదు. ఏం చేయవచ్చో నేను చేసి చూసినవి చెబుతాను. దేనికీ పైసా ఖర్చు లేదు. ఏదీ పావుగంట, ఇరవై నిమిషాలు దాటకూడదు. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని మాత్రం ప్రతిసారీ చెప్పాలి.

నీడతో మొదలుపెట్టండి. పొద్దున పిల్లలను జతలుగా వాకిట్లో నిలబెట్టి, ఒకరి నీడ చుట్టూ ఇంకొకరు ముగ్గుపిండితో గీత గీయాలి. భోజనాల వేళకు మళ్లీ అదే చోట నిలబడాలి. "నీ నీడను ఎవరు కోసుకుపోయారు?" అని అడగండి. వచ్చే జవాబులను దిద్దకండి. ఒక పిల్ల "ఆకలేసి కాళ్ల కిందకి పోయింది" అంది నాతో. ఐదేళ్ల పిల్లకు అది చాలా మంచి జవాబు, ఎందుకంటే ఆమె మార్పును చూసింది. కారణం తర్వాత వస్తుంది. టీచరుకు ఒక సంగతి: భద్రాచలం వైపు మన ప్రాంతంలో మే నెలలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మబ్బు లేకపోతే ఆ మధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకు నీడే ఉండదు.

తర్వాత కప్పులోంచి దిగే వెలుగు. గడ్డి కప్పుకో, తడికకో ఉన్న సందుల్లోంచి నేలమీద గుండ్రటి వెలుగు చుక్కలు పడతాయి. సందు ఎలా ఉన్నా చుక్క గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే అది సూర్యుడి బొమ్మ. పొయ్యి పొగ ఉన్నప్పుడు వెలుగు దారి కర్రలా నిలబడి కనిపిస్తుంది. పిల్లలు దాన్ని పట్టుకోవడానికి చేతులు చాపుతారు. చాపనివ్వండి. ఈ పాఠం డాబా ఇంటి పిల్లలకు సులువుగా దొరకదు. మన పిల్లలకు ఇంట్లోనే ఉంది.

మూడోది పచ్చదనం. గడ్డిమీద ఒక పలకరాయి పెట్టి వారం రోజులు వదిలేయాలి. ఎత్తి చూస్తే కింద గడ్డి తెల్లగా, పసుపుగా పాలిపోయి ఉంటుంది. రాయి తీసేసి ఇంకో వారం చూడాలి, మెల్లగా పచ్చబడుతుంది. గడ్డికి ఎండ అన్నంలాంటిదని పిల్లలే అంటారు.

నాలుగోది ఇంద్రధనుస్సు. పొద్దున ఎండకు వీపు పెట్టి, నోట్లో నీళ్లు పోసుకుని సన్నని తుంపరగా ఊదితే రంగులు కనిపిస్తాయి. ఒకరి మీద ఒకరు ఊదుకోకుండా చూడటమే మన పని.

ఐదోది చీకటి పాఠం. దీన్ని ఇంటికే వదిలేయాలి. అమావాస్య తర్వాత చందమామ సాయంత్రం పూట పడమట సన్నగా కనిపిస్తుంది. అక్కడి నుంచి పున్నమి దాకా రోజూ సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్లతో చూసి, మర్నాడు బడి గోడమీద బొగ్గుతో గీయాలి. తొలకరి రోజుల్లో మిణుగురులు వస్తాయి. వాటిని సీసాలో పెట్టించకండి. పొయ్యి వెలుగు కాలుస్తుంది, మిణుగురు వెలుగు కాల్చదు అని చెయ్యి దగ్గర పెట్టి చూసిన పిల్లవాడికి మనం చెప్పాల్సింది ఏమీ మిగలదు. ఈ పాఠంలో అవ్వ టీచరు. ఏ కాలంలో రాత్రిపూట ఏ పిట్ట అరుస్తుందో, ఏ పువ్వు ఎప్పుడు రాలుతుందో ఆమెను అడిగి రమ్మనండి. పిల్లలు ఆ కబురు ఇంటి భాషలోనే తెస్తారు. ఆ భాషలోనే వినండి. తెలుగు మాట పక్కన చేర్చండి, పైన పెట్టకండి.

దీనికి ఎదురుచెప్పేవాళ్లు ఉన్నారు. ఇలా చెబితే మన పిల్లలు పట్నం పిల్లల కంటే వెనకబడరా అంటారు. నీడ కొలిచిన పిల్లవాడికి రేపు సైన్సు పుస్తకంలో కాంతి పాఠం కొత్తగా ఉండదు, తాను చూసినదానికి పేరు దొరికినట్టు ఉంటుంది. కళ్లతో చూడకుండా బల్బు, ట్యూబులైటు అని అప్పజెప్పిన పిల్లవాడే వెనకబడతాడు. ఇంకొందరు, చీకటిని పొగిడితే కరెంటు వద్దన్నట్టు కాదా అంటారు. కాదు. చీకట్లో పాము కరిచి చనిపోయినవాళ్లు ప్రతి గూడెంలో ఉన్నారు. కరెంటు మన హక్కు, దాని కోసం అడగాల్సిందే. అయితే ఇంట్లో బల్బు లేదని పిల్లను చిన్నబుచ్చే పాఠం ఆ కరెంటును తెచ్చిపెట్టదు.

చివరగా మన రచయితలతో ఒక మాట. మన గురించి బయటివాళ్లు "చీకటిలో మగ్గుతున్నవాళ్లు" అని రాస్తే మనకు కోపం వస్తుంది. మన పాటల్లో, కవితల్లో మనమే "చదువుల వెలుగు వచ్చి మా చీకటి పోయింది" అని రాసుకుంటున్నాం. నేనూ ఉపాధ్యాయ దినోత్సవం ఉపన్యాసాల్లో చాలాసార్లు అన్నాను. అక్షరం రాకముందు మన అవ్వకు ఏమీ తెలియదా? చందమామను చూసి రోజులు లెక్కపెట్టింది ఎవరు? ఐదేళ్ల పిల్లకు చార్టు చెప్పినదే మనం పెద్దయ్యాక కవిత్వంలో చెబుతున్నాం. ఆ చార్టు మారాలంటే మన మాట కూడా మారాలి.

నీళ్ల పళ్లెం ముందు ఊరుకుండిపోయిన పాప సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి వారం నేనే పళ్లెం తెచ్చి ఎండలో పెట్టి, వేళ్లతో కదిపి, "ఏరు ఆడుతోంది చూడు" అన్నాను. పాప నా ముఖం వైపు కాసేపు చూసింది, నేను వేళాకోళమాడుతున్నానేమో అని. తర్వాత దగ్గరికి వచ్చి తన వేలు కూడా నీళ్లలో పెట్టింది. గోడమీద వెలుగు రెండింతలు ఆడింది. ఆ రోజు పాఠం చెప్పింది ఆమె. చుట్టూ చేరిన పిల్లలకు ఎలా కదిపితే ఎలా ఆడుతుందో కోయలో చెప్పింది, గంట కొట్టేదాకా ఆపలేదు.