సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌లో గమకం: ‘వైటల్’పై ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

కిందటి భాగంలో ఆసిలేటర్, ఫిల్టర్, ఎన్వలప్, ఎల్‌ఎఫ్‌ఓ అనే నాలుగు అంగాల గురించి తెలుసుకున్నారు. ఒక పరికరం ఎలా పనిచేస్తుందో తెలియడం ఒక మెట్టు. అది మన సంగీతానికి ఎంతవరకు పనికివస్తుందో తూచి చెప్పగలగడం రెండో మెట్టు. ఈ భాగంలో ‘వైటల్’ అనే సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌ను తీసుకుని ఆ రెండో పని చేద్దాం. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. దీని ప్రాథమిక రూపం ఉచితం. కంప్యూటర్, హెడ్‌ఫోన్లు ఉన్న విద్యార్థి ఎవరైనా ఇందులో చెప్పిన ప్రతి మాటనూ తన చెవితో పరీక్షించుకోవచ్చు.

సాధారణంగా సింథసైజర్ సమీక్షలు “ధ్వని ఎంత నిండుగా ఉంది?” అని అడుగుతాయి. మనం వేసుకోవలసిన ప్రశ్న వేరు: ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారిలో ఈ పరికరం ఏం చేయనిస్తుంది?

వైటల్ గుణాలు

మాట్ టైటెల్ రూపొందించిన వైటల్ 2020లో విడుదలైంది. ఇది వేవ్‌టేబుల్ పద్ధతిలో పనిచేస్తుంది. అనేక తరంగ రూపాలను వరుసగా పేర్చిన పట్టికను వేవ్‌టేబుల్ అంటారు. ఆ పట్టికలో మన స్థానం మారేకొద్దీ నాదం రంగు మారుతుంది. ఇందులో మూడు ఆసిలేటర్లు, రెండు ఫిల్టర్లు ఉన్నాయి. ఏ ఎల్‌ఎఫ్‌ఓనైనా మౌస్‌తో లాగి ఏ నాబ్ మీదనైనా వదిలితే, ఆ నాబ్ దాని ప్రకారం కదులుతుంది. ఆ కదలిక తెరమీద కంటికి కనిపిస్తుంది.

బోధన దృష్టితో చూస్తే ఇది గొప్ప గుణం. పుస్తకంలో చదివినప్పుడు అర్థంకాని ఫిల్టర్ కటాఫ్, గీత పైకీ కిందికీ కదలడం చూస్తూ వింటే వెంటనే బోధపడుతుంది. ఎల్‌ఎఫ్‌ఓ ఆకారాన్ని విద్యార్థి స్వయంగా చుక్కలు పెట్టి గీసుకోవచ్చు. ఈ సౌకర్యం తరువాతి పరీక్షలో మనకు కీలకమవుతుంది.

ఒక పరీక్ష: తోడి గాంధారం

కర్ణాటక సంగీతంలో తోడి రాగాన్ని తీసుకుందాం. అందులోని సాధారణ గాంధారం నిలకడగా నిలిచే స్వరం కాదు. గాయకుడు దానిని రిషభం వైపు నుంచి మధ్యమం వైపుకు ఊపుతూ పలుకుతాడు. ఆ ఊపే తోడికి ప్రాణం. ఈ ఒక్క స్వరాన్ని వైటల్‌లో నాలుగు విధాలుగా పలికించి చూడండి.

మొదటిది, కీబోర్డు మీద మీటను నొక్కి ఊరుకోవడం. స్వరస్థానం సరైనదే కాని, తోడి వినిపించదు. 

రెండోది, సైన్ ఆకారంలోని ఎల్‌ఎఫ్‌ఓను ఆసిలేటర్ శ్రుతికి తగిలించడం. ఇప్పుడు స్వరం ఊగుతుంది. అయితే ఊపు ప్రతిసారీ ఒకే వేగంతో, ఒకే లోతుతో వస్తుంది. లోతు తక్కువగా ఉంటే పాశ్చాత్య వయొలిన్ వైబ్రాటోలా, ఎక్కువైతే సైరన్‌లా వినబడుతుంది. 

మూడోది, ఎల్‌ఎఫ్‌ఓను ఎన్వలప్ పద్ధతికి మార్చి, ఆకారాన్ని చేత్తో గీయడం. రిషభం దగ్గర మొదలై మధ్యమాన్ని తాకి, అక్కడ కొద్దిగా ఆగి, దిగివచ్చేలా గీయండి. గాంధారానికి రెండువైపులా రెండేసి అర్ధస్వరాల దూరం చాలు. ఇప్పుడు మొదటిసారిగా తోడి ఛాయ వినిపిస్తుంది. కాని అదే స్వరం పాటలో నాలుగుసార్లు వస్తే నాలుగుసార్లూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది. గాయకుడు ముందు వచ్చిన స్వరాన్నీ, వెనుక రాబోయే స్వరాన్నీ, కాలప్రమాణాన్నీ బట్టి ఊపును మారుస్తాడు. గీసిన గీతకు ఆ వివేకం లేదు.

నాలుగోది, పిచ్ వీల్‌ను చేత్తో తిప్పుతూ రికార్డు చేయడం. అదే వీల్‌ను ఫిల్టర్ కటాఫ్‌కు కూడా కొద్దిగా తగిలిస్తే, స్వరం పైకి వెళ్లేకొద్దీ నాదం కాస్త తెరుచుకుంటుంది. నాలుగింటిలో మనిషి గొంతుకు దగ్గరగా వచ్చేది ఇదే. తప్పులు దొర్లుతాయి, సాధన కావాలి. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికించడానికి వేళ్లకు సాధన కావలసినట్టే ఇక్కడా కావాలి.

లోపం ఎక్కడ ఉంది?

కనుక పరికరానికి సామర్థ్యం లేదనలేం. లోపం దానిని మన ముందు పెట్టే తీరులో ఉంది. ప్రీసెట్లు బేస్, లీడ్, ప్యాడ్ వంటి పేర్ల కింద అమరి ఉంటాయి. ఇవి పాటలో నాదం చేసే పనిని చెబుతాయి తప్ప, స్వరం ఎలా కదలాలో చెప్పవు. ప్రీసెట్‌ను తెరిచి మీట నొక్కగానే వచ్చే నిండైన నాదం విద్యార్థికి పని పూర్తయిందన్న భ్రమ కలిగిస్తుంది. తెరమీద కదిలే బొమ్మలు కూడా ఈ భ్రమను పెంచుతాయి. కన్ను తృప్తి పడితే చెవి అడగడం మానేస్తుంది.

రెండో లోపం వైటల్‌ది మాత్రమే కాదు, దాని చుట్టూ ఉన్న వ్యవస్థది. 1983లో వచ్చిన మిడి ప్రమాణంలో స్వరం అంటే ప్రధానంగా ఒక అంకె, అది మొదలైన క్షణం, ముగిసిన క్షణం. పియానో రోల్‌లో మనకు కనిపించేవి ఆ అడ్డపట్టీలే. శ్రుతి వంపు వేరే వరుసలో, అడుగున, తెరిస్తేనే కనిపించే చోట ఉంటుంది.

దీనిని మన ముద్రణ చరిత్రతో పోల్చి చూడండి. సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో తెలుగులో వెలువరించారు. ఆ గ్రంథంలో కంపితం, జారు, నొక్కు, స్ఫురితం వంటి గమకాలకు ప్రత్యేక చిహ్నాలు కల్పించి, వాటిని స్వరలిపిలో స్వరాలతో కలిపి అచ్చు వేయించారు. ఆ రోజుల్లో అలాంటి చిహ్నాలను అచ్చులో కూర్చడం ఎంత శ్రమో ఊహించవచ్చు. అయినా ఆయన వాటిని వదులుకోలేదు. గమకం స్వరానికి పెట్టే నగ కాదనీ, స్వరంలోని భాగమేననీ ఆ పుట చెబుతుంది. మన తెరమీది పియానో రోల్ దానిని ఐచ్ఛికంగా మార్చింది.

పరిమితిలో నుంచి ఒక పాఠం

రాగాన్ని సింథసైజర్‌తో పలికించే ప్రయత్నం కొత్తది కాదు. బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో పది హిందుస్తానీ రాగాలను డిస్కో లయలో కూర్చి ఒక రికార్డు చేశారు. రోలాండ్ కంపెనీ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 అనే మూడు యంత్రాలను ఆయన వాడారు. టీబీ-303లో ఉన్నది ఒకే ఆసిలేటర్. దానికి ఒక స్వరం నుంచి మరోదానికి జారే ‘స్లయిడ్’ సౌకర్యం ఉంది. రాగంలోని సూక్ష్మమైన ఊపులన్నీ ఆ రికార్డులో లేవు. యంత్రలయ వాటికి చోటివ్వలేదు. కాని ఉన్న కొద్ది సౌకర్యాల్లో జారును ఎక్కడ ఉంచాలో ఆయనకు తెలుసు. అందుకే ఆ నాదం ఈనాటికీ కొత్తగా వినిపిస్తుంది. ఆయన చేతిలో లేనివెన్నో నేడు మన తెరమీద ఉన్నాయి. ఆయన చేసిన ఎంపికను మాత్రం మన బదులు ఏ సాఫ్ట్‌వేరూ చేయదు.

సారాంశం

వైటల్ నేర్చుకోవడానికి అనువైన, శక్తిమంతమైన పరికరం. గమకాన్ని పలికించే సాధనాలు అందులో ఉన్నాయి, కాని అవి ముందు వరుసలో లేవు. ధ్వని రూపకల్పన అంటే మంచి నాదాన్ని వెతికిపట్టుకోవడం మాత్రమే కాదు. ఏది మారాలి, ఎప్పుడు మారాలి, ఎంత మారాలి అన్నది నిర్ణయించడం. ప్రీసెట్ ఈ మూడు ప్రశ్నలకూ మనం అడగకముందే జవాబు చెప్పేస్తుంది. ఆ జవాబు మన పాటకు సరిపోతుందో లేదో తేల్చవలసింది మీ చెవి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సైన్ ఆకారపు ఎల్‌ఎఫ్‌ఓతో వచ్చే ఊపుకూ, కంపిత గమకానికీ మధ్య గల భేదాన్ని వివరించండి.

2. మీకు బాగా తెలిసిన ఒక పాట పల్లవిని ముందు మీరే పాడి రికార్డు చేయండి. తరువాత అదే పల్లవిని ఏదైనా సింథసైజర్‌లో ప్రీసెట్‌తోనూ, పిచ్ వీల్‌తోనూ పలికించండి. మూడింటినీ పోల్చి ఒక పుట విమర్శ రాయండి.

3. “లోపం పరికరానిది కాదు, దానిని ముందు పెట్టే తీరుది” అన్న వాదనతో మీరు ఏకీభవిస్తారా? మీ అనుభవం ఆధారంగా చర్చించండి.