మొద్దు బఫరు: తెర వెనుకనున్న ఒక ఏర్పాటుపై విమర్శ

కంప్యూటరు తెరపై అక్షరము కనబడినను, బొమ్మ కనబడినను, దాని వెనుక మెమొరీలో అంకెల వరుస యొకటి ఉండక తప్పదు. తెరయందలి ఒక్కొక్క చుక్కకు, అనగా పిక్సెలుకు, కొన్ని బిట్లు కేటాయింపబడి యుండును. డిస్‌ప్లే యంత్రాంగము ఆ అంకెలను సాధారణముగా సెకనుకు 60 మారులు చదివి తెరకు పంపుచుండును. ఈ అంకెలను నిలువ యుంచు మెమొరీ భాగమే బఫరు. దానిని ఎవరు కేటాయింపవలెను? అందులో ఎవరు వ్రాయవలెను? పని తీరిన పిమ్మట ఎవరు విడిపింపవలెను? ఈ ప్రశ్నలకు లైనక్సు ఆపరేటింగ్ సిస్టము చెప్పిన సమాధానములలో మిక్కిలి సరళమైనది 'డంబ్ బఫర్'. దీనిని తెలుగున మొద్దు బఫరు అనవచ్చును. 2011లో వెలువడిన 2.6.39 కెర్నెలులో ఇది చేరినది. దీని గుణదోషములను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇట్టి ఏర్పాటు ఎందులకు కావలసి వచ్చినది? గ్రాఫిక్సు చిప్పులను తయారుచేయు సంస్థలు అనేకము. మెమొరీని కేటాయించు పద్ధతి ఒక్కొక్క చిప్పుకు ఒక్కొక్క తీరుగ నుండును. త్రిమాన చిత్రములను వేగముగ గీయవలసిన ప్రోగ్రాములు ఆ భేదములన్నియు నేర్వక తప్పదు. కాని యంత్రము మేల్కొను వేళ ఒక చిన్న బొమ్మ చూపదలచిన ప్రోగ్రామునకు అంత పాండిత్య మెందులకు? అన్ని డ్రైవర్లకును ఒకే భాషలో విన్నవించుకొను మార్గము దానికి కావలయును. మొద్దు బఫరు ఆ కొరత తీర్చినది.

ఇందు విన్నపములు మూడే. మొదటిది సృష్టి. ప్రోగ్రాము వెడల్పు, ఎత్తు, పిక్సెలుకు బిట్ల సంఖ్య చెప్పును. డ్రైవరు బఫరును కేటాయించి, దాని గుర్తు సంఖ్యను, మొత్తము పరిమాణమును, ఒక్కొక్క వరుసకు పట్టు బైట్ల సంఖ్యను తిరిగి చెప్పును. రెండవది దారి చూపుట. డ్రైవరు ఒక స్థాన సంఖ్య నిచ్చును. దాని సాయమున ప్రోగ్రాము ఆ బఫరును తన చిరునామాల పరిధిలోనికి తెచ్చుకొని, సామాన్య మెమొరీలో వలెనే అంకెలు వ్రాయగలదు. మూడవది విసర్జనము.

ఈ ఏర్పాటులో మెచ్చదగినది, వరుస నిడివిని నిర్ణయించు అధికారమును డ్రైవరుకే విడిచిపెట్టుట. దీనినే 'పిచ్' అందురు. 1366 పిక్సెళ్ల వెడల్పు, 768 వరుసల ఎత్తు గల తెర నొకదానిని తీసికొందము. పిక్సెలుకు 4 బైట్ల చొప్పున ఒక వరుసకు 5464 బైట్లు కావలయును. కాని ఒక చిప్పు ప్రతి వరుసయు 64 బైట్ల గుణిజమున మొదలు కావలెనని కోరిన దనుకొనుడు. 5464 అట్టి గుణిజము కాదు. తరువాతి గుణిజము 5504. అనగా ప్రతి వరుస చివర 40 బైట్లు, 10 పిక్సెళ్ల చోటు, ఖాళీగా నుండును. బఫరు మొత్తము 42,27,072 బైట్లు. ప్రోగ్రాము తొందరపడి వరుసకు 5464 బైట్లే యని వ్రాసికొని పోయిన నేమగును? ప్రతి వరుసయు పై వరుసకంటె 10 పిక్సెళ్లు ఎడమకు జరిగి, సుమారు 137 వరుసలు దిగునప్పటికి బొమ్మ తెర వెడల్పంతయు ప్రక్కకు పోవును. నిలువు గీత ఏటవాలు గీతయగును. డ్రైవరు చెప్పిన సంఖ్యను నమ్మిన ప్రోగ్రామునకు ఈ చిక్కు లేదు. ఎవరికి తెలిసిన విషయమును వారే నిర్ణయింపవలెనను నియమము ఇందు చక్కగా పాటింపబడినది.

రెండవ గుణము జాగ్రత్త. వెడల్పు, ఎత్తు, బిట్లు హెచ్చించునపుడు లబ్ధము 32 బిట్లలో ఇముడనిచో కెర్నెలు ఆ విన్నపమును త్రోసిపుచ్చును. లేనిచో లబ్ధము పొర్లి చిన్న సంఖ్యగా మారి, కోరినదాని కంటె తక్కువ మెమొరీ దక్కును. ప్రోగ్రాము హద్దు మీరి పరుల మెమొరీలో వ్రాయగలదు. విసర్జన విషయమునను ఇట్టి వివేకమే కలదు. ప్రోగ్రాము బఫరును వదలుకొన్నను, తెర దానిని చదువుచున్నంత కాలము మెమొరీ విడుదల కాదు. వాడుకొను వారి లెక్క సున్నకు వచ్చిన పిమ్మటనే విడుదల. ప్రోగ్రాము నడుమ కూలిపోయినను దాని వంతు లెక్కను కెర్నెలే సరిచేయును.

ఇక దోషములు. మొదటిది, బిట్ల సంఖ్య చెప్పుట చాలదు. 16 బిట్ల పిక్సెలులో ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు 5, 6, 5 బిట్లుండవచ్చును. లేదా 5, 5, 5 ఉండి ఒక బిట్టు వృథాగా నుండవచ్చును. 32 బిట్లలో ఎరుపు ముందా, నీలము ముందా? సృష్టి విన్నపములో ఈ ప్రశ్నకు చోటే లేదు. రంగుల క్రమము తరువాత, బఫరును తెరకు జతపరచు వేరొక విన్నపములో తెలుపబడును. గిన్నె కొనునాడు అందులో పోయునది పాలో నూనెయో చెప్పకుండుట వంటిదిది. చాలమారులు నష్టము లేకపోవచ్చును గాని, డ్రైవరు ఊహింపవలసి వచ్చును.

రెండవది, లభించిన మెమొరీ స్వభావము ప్రోగ్రామునకు తెలియదు. అనేక యంత్రములలో ఇట్టి మెమొరీకి వ్రాయుట వేగము, దానినుండి చదువుట మిక్కిలి మందము. పాత రంగును చదివి క్రొత్త రంగుతో కలుపు ప్రోగ్రాము అచట కుంటుపడును. అందుచే సామాన్య మెమొరీలో నీడ ప్రతి యొకటి యుంచుకొని, పూర్తియైన బొమ్మను బఫరులోనికి నకలు చేయుట మేలు. అట్టి నీడ ప్రతి మంచిదో కాదో డ్రైవరును అడిగి తెలిసికొను వీలు కలదు. కాని అడుగవలెనని తెలియని వాడు అడుగడు; ప్రోగ్రాము మందమని నిందించును.

ఈ దోషములు చూపి కొందరు మొద్దు బఫరును మరింత తెలివిగలదిగ చేయవలెనని వాదింతురు. సృష్టి విన్నపములో 'ఫ్లాగ్స్' అను గడి యొకటి ఉన్నది. నియమము ప్రకారము అందు సున్నయే యుండవలెను. ఆ గడిని వాడుకొన్న నేమి యని వారి ప్రశ్న. కొన్ని ఏ.ఆర్.ఎమ్. యంత్రములపై ఈ బఫర్లనే గ్రాఫిక్సు ప్రాసెసరు పనికి వాడజూచిరి కూడ. అది తగదని కెర్నెలు పత్రములు స్పష్టముగ చెప్పుచున్నవి. ఈ నిషేధము న్యాయమనియే నా యభిప్రాయము. ఒక్కొక్క చిప్పు కోరిక కొక్కొక్క గుర్తు చేర్చుచు పోయినచో, అందరికిని సమానమైన భాష మరల నూరు మాండలికములగును. అయితే రంగుల క్రమము ఒక్క చిప్పు కోరిక కాదు. ప్రతి తెరకును అవసరమైన సమాచారము. దానిని మొదటనే చెప్పించుట వలన సరళత చెడదు. సరళముగ నుండుట వేరు, అసంపూర్ణముగ నుండుట వేరు.

పేరును గూర్చి ఒక మాట. 'మొద్దు' అనుట హెచ్చరికగా మంచిదే. దీనినుండి వేగము నాశింపరాదని తెలుపును. కాని దీనిని చులకన చేయరాదు. 2021లో వచ్చిన 5.14 కెర్నెలులో సింపుల్‌డి.ఆర్.ఎమ్. అను డ్రైవరు చేరినది. చిప్పుకు తగిన డ్రైవరు లేనప్పుడును, యంత్రపు ఫర్మ్‌వేరు సిద్ధపరచిన తెరపై ఇది బొమ్మ చూపగలదు. ప్రోగ్రాములు అచట వాడుకొనునది ఈ మొద్దు బఫరునే. వేగముగల సాధనములన్నియు చేతులెత్తినపుడు, ఏమి చెడినదో చెప్పు అక్షరములు తెరపై నిలుచుట దీని చలవయే.

ఉపాధ్యాయులు దీనిని కంప్యూటరు లేకయే బోధింపవచ్చును. గళ్ల కాగితముపై వరుసకు 7 గళ్ల చొప్పున ఒక నిలువు గీత గీయించి, గళ్లన్నిటిని ఒకే వరుసగా 0, 1 అంకెలుగ వ్రాయింపుడు. ఆ అంకెలనే వరుసకు 8 గళ్ల చొప్పున మరల నింపింపుడు. గీత ఎడమకు వ్రాలును. అది యెందుకు వ్రాలినదో చెప్పగల విద్యార్థికి పిచ్ అనగా నేమో వేరుగ చెప్ప నక్కర లేదు.