అనిశ్చితి ముందు వైద్యుడు: బుల్గాకోవ్ కథల పరిశీలన

వైద్యుల నేపథ్యానికీ, ప్రమాదం పట్ల వారి వైఖరికీ గల సంబంధాన్ని సామాజిక శాస్త్రంతోపాటు కథాసాహిత్యమూ పరిశీలించింది. మిఖాయిల్ బుల్గాకోవ్ (1891–1940) వైద్యకథలు ఇందుకు మంచి ఉదాహరణ. కీవ్‌లో ఆచార్యుని కుమారుడిగా పెరిగిన ఆయన 1916లో అక్కడే వైద్యపట్టం పొంది, అదే ఏడాది స్మోలెన్స్క్ ప్రాంతంలోని నికోల్‌స్కోయె గ్రామ ఆసుపత్రిలో చేరాడు. 1925–26లో వెలువడిన ఈ కథలకు ఆ అనుభవమే మూలం.

రెనీ ఫాక్స్ 1957లో వైద్యవిద్యార్థుల శిక్షణను విశ్లేషిస్తూ అనిశ్చితిని మూడు విధాలుగా గుర్తించింది: వైద్యుడు తాను నేర్వనిది, శాస్త్రానికే అందనిది, ఎదురైన చిక్కు ఈ రెండింటిలో దేనికి చెందుతుందో తేల్చుకోలేకపోవడం. ఈ విభజన బుల్గాకోవ్ కథలకు చక్కగా అన్వయిస్తుంది.

గర్భంలో శిశువు అడ్డం తిరిగిన సందర్భాన్ని చిత్రించిన కథలో యువవైద్యుడు గదికి పరుగెత్తి డోడర్లైన్ ప్రసూతిశాస్త్ర గ్రంథాన్ని తిరగేస్తాడు. అక్షరాలు కనిపిస్తాయి గాని దారి కనిపించదు. పూర్వవైద్యుడు ఏమి చేసేవాడో ప్రసూతి సహాయకురాలు చెప్పిన నాలుగు మాటలే అతనికి ఆసరా అవుతాయి. శిశువును తిప్పి ప్రసవం చేసిన తర్వాతే ఆ పుటలు బోధపడతాయి. నగర విశ్వవిద్యాలయ నేపథ్యం పట్టానిచ్చింది. ధైర్యాన్ని మాత్రం ఆసుపత్రిలోని సమష్టి అనుభవం ఇచ్చింది.

‘మాయమైన కన్ను’ కథ దీనికి మరో పార్శ్వం. ఏడాదిలో 15,613 మంది రోగులను చూసిన వైద్యుడు ఇక తనను తికమకపెట్టేదేదీ లేదనుకుంటాడు. అంతలో కన్ను కనిపించకుండా వాపు కమ్మిన పసివాణ్ణి తల్లి తీసుకువస్తుంది. వైద్యుడు కోసి చూడాలంటాడు, తల్లి ఒప్పుకోదు. వారం తర్వాత బిడ్డ రెండు కళ్లతో తిరిగి వస్తాడు. అది చీముగడ్డ, దానంతటదే పగిలిపోయింది. ఇక్కడ లోపించినది ఫాక్స్ చెప్పిన మూడవ వివేకం. తొలినాళ్ల భయం వైద్యుడిని ఇతరుల మాట వినేలా చేసింది. అనుభవం తెచ్చిన ధీమా చెవులు మూసింది.

అయితే ఈ కథకు ఒక పరిమితి ఉంది. వైద్యుడి పశ్చాత్తాపం విస్తారంగా వినిపిస్తుంది. తల్లి నిరాకరణకు వెనుకనున్న ఆలోచన వినిపించదు. ఉత్తమపురుష కథనంలో ఆమె నిర్ణయం అదృష్టంగానే మిగిలిపోతుంది. ప్రమాదాన్ని అంచనా వేసేది వైద్యుడే అయినా, భరించేది రోగి. బుల్గాకోవ్ కథలను వైద్యుని ఎదుగుదల గాథలుగా మాత్రమే చదివితే ఈ తేడా మరుగునపడుతుంది. వైద్యసాహిత్య విమర్శ ఆ తల్లి మౌనాన్ని కూడా పాఠ్యంలో భాగంగా చదవవలసి ఉంది.