ఫ్లోరైడు నీరు – దేశముల చెలిమి

విద్య, విజ్ఞానము, సంస్కృతులలో దేశములు చేయి కలిపినచో శాంతి నిలుచునను విశ్వాసముతో 1945 నవంబరు 16న లండనులో యునెస్కో నిబంధనావళిని ఆమోదించిరి. ఆ విశ్వాసము ఎంతవరకు నిలిచినదో పరీక్షించుటకు పారిస్ పోనక్కరలేదు. నెల్లూరు జిల్లా పడమటనున్న ఉదయగిరి ప్రాంతపు బోరునీరు చాలును.

ఆ మెట్టభూములలో రాతిపొరలనుండి ఫ్లోరైడు నీటిలో కరగును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టును. మోతాదు మరింత హెచ్చినచో ఎముకలు బిరుసెక్కి నడుము వంగును. అమెరికాలో మెకే అను దంతవైద్యుడు పండ్లమీది మచ్చలను మూడు దశాబ్దములు పరిశీలించెను. 1931లో చర్చిల్ అను రసాయనవేత్త ఆ మచ్చలు పుట్టించు నీటిలో ఫ్లోరైడును గుర్తించెను. 1937లో షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా రోగులను గూర్చి ప్రకటించిరి. ఆ యేటనే డెన్మార్కులో రోహోల్మ్ క్రయొలైటు కార్మికుల ఎముకల మార్పులను గ్రంథస్థము చేసెను. దేశములు ఆయుధములు నూరుకొనుచున్న ఆ దశాబ్దములోనే ఈ జ్ఞానము ఎల్లలు దాటినది.

తరువాత మనమును ప్రపంచమునకు కొంత ఇచ్చితిమి. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని 1970 దశకములో నాగపూరు పరిశోధకులు రూపొందించిరి. నల్గొండ పేరుతో అది టాంజానియాకు, ఇథియోపియాకు చేరినది.

అయితే ఈ సహకారమున ఒక లోపము కలదు. అది ప్రయోగశాలనుండి ప్రయోగశాలకు సులభముగ నడచును, ఊరి వాకిట ఆగిపోవును. పటిక మోతాదు నీటి గుణమును బట్టి మారును. ఎక్కువైనచో అల్యూమినియము నీటిలో మిగులును. కొలుచుట తెలిసినవారు గ్రామముననే ఉండవలెను. పరిశోధన వ్యాసములా, అధికభాగము ఇంగ్లీషున ఉన్నవి.

ఆత్మకూరు చెంత పెన్నపై సోమశిల జలాశయమున్నది కదా, ఆ నీటినే ఉదయగిరికి చేర్చరాదా అని కొందరనవచ్చును. నదీజలములలో ఫ్లోరైడు సాధారణముగ తక్కువ గనుక ఆ మాట సబబే. కాని కుళాయి ఎండిననాడు జనము మరల బోరు వద్దకే పోవుదురు. ఏ బోరు మంచిదో చెప్పగలవారు అప్పుడును కావలెను.

ఇది అసాధ్యమేమియు కాదు. జిర్కోనియము, ఆలిజరిన్ కలిసిన ఎర్రని ద్రావణము ఫ్లోరైడు హెచ్చిన కొలది పసుపు వైపు తిరుగును. రంగులు పోల్చి అంచనా కట్టుట బడిపిల్లలకు నేర్పవచ్చును. యునెస్కో ఆశయమును సభల తీర్మానములతో కొలువరాదు. ఉదయగిరి పిల్ల తన ఊరి నీటిని తానే పరీక్షించి, తెలుగున వ్రాసి, అదే బాధ పడుచున్న ఇథియోపియా పిల్ల లెక్కతో సరిచూచుకొననిండు. ఆ ఇద్దరి నడుమ శత్రుత్వము నాటుట ఎవరికైనను కష్టమగును.